మన్నుక్రింది అతుకు

ఇంటిలో కంటికి కనబడు వస్తువులను మనము దినమునకు పదిమార్లు తుడిచి, కడిగి, సర్దుకొందుము. బిందెకు చిన్న సొట్ట పడినను మన చూపు దానిని తప్పిపోదు. గోడ పెచ్చు రాలినచో ఆ సాయంకాలమే యజమానితో చెప్పుదుము. కాని మన్నుక్రింద కప్పబడినదానిని గూర్చి మాత్రము మన కంత చింత లేదు. కప్పిన దినముననే దానిని మరచిపోదుము. అది చెడిన సంగతి మనకు తెలియునప్పటికి చెడుపు చాల దూరము పోయి యుండును. ఈ మాట నే నితరుల నెవ్వరిని తప్పుపట్టుటకు వ్రాయుటలేదు. మా యింట జరిగినదానిని చెప్పి, తోటి గృహిణులు ఆ తప్పు చేయకుందురుగాక యని వ్రాయుచున్నాను.

మా యిల్లు భద్రాచలమున గోదావరికి కొంచెము దూరమున నున్నది. పెరటిలో ఒక చిన్న పాక, ఆ పాకలో కట్టెలతో కాగు రాగి బాయిలరు. పైనున్న తొట్టినుండి చన్నీరు బాయిలరులోనికి దిగును. కాగిన నీరు పైమార్గమున వెలువడి, మన్నుక్రింద వేసిన గొట్టమున నలువది అడుగుల దూరము నడచి, స్నానాల గదికి చేరును. పొగ యింటిలోనికి రాకుండుటకును, నిప్పుభయము లేకుండుటకును బాయిలరును దూరముగ నుంచితిమి. ధనుర్మాసము వచ్చెనా, మా యింట దానికి విరామ ముండదు. ముక్కోటి యేకాదశికి ముందునాటి తెప్పోత్సవమును, మరునాటి వేకువ ఉత్తరద్వార దర్శనమును చూచుటకు బంధువులు వత్తురు. తెల్లవారుజామున నాలుగు గంటలకే అందరికి నీళ్లు సిద్ధముగ నుండవలెను. అడవి అంచున నున్న యీ ప్రాంతమున ఆ వేళ చలి యెట్టిదో ఇచ్చటివారికి నేను చెప్ప నక్కరలేదు.

ఒక సంవత్సరము మార్గశిర మాసమున నీళ్లు మునుపటివలె వేడిగా వచ్చుట మానెను. "కట్టెలు పచ్చివి కాబోలు" ననుకొంటిమి. ఇంకొక మోపు తెప్పించితిమి. అత్తగారి తులసికోటలోని మొక్క ఒక ప్రక్కన వాడిపోసాగెను. ఆమె మనస్సున ఏమో కీడు శంకించి, రెండుపూటలు దీపము పెట్టుచుండిరి. మా కుక్క మాత్రము ప్రతి వేకువను తులసికోటకు ప్రక్కగా ఒకే తావున ముడుచుకొని పండుకొనుచుండెను.

కట్టెలు తెచ్చు అవ్వ ఒకనాడు మోపు దించి, చెమట తుడుచుకొనుచు నాతో ననెను: "అమ్మా, మీ కుక్క దినామూ ఈడనే పండుకుంటాది. ఈ మన్ను కింద పొయ్యేమన్న ఉన్నదా ఏంది?"

నేను నవ్వితిని. అవ్వయు నవ్వెను. ఆ నవ్వుతో ఆ మాట పోయినది.

వారము తిరుగక మునుపే, చుట్టపు చూపుగా వచ్చిన మా ఆడుబిడ్డగారి నాలుగేండ్ల పాప వేకువజామున పెరటిలోనికి పరుగెత్తి, సరిగా ఆ తావుననే కాలు పెట్టినది. పైకి గట్టిగా కనబడు మన్ను లోపల బురదయై యున్నది. చీలమండవరకు కాలు దిగబడినది. ఆ బురద వేడినీటి బురద. పిల్ల కేక విని మేమందరము పరుగెత్తితిమి. కాలిని వెంటనే చల్లని నీటి ధారక్రింద ఇరువది నిమిషములు ఉంచి, శుభ్రమైన పలుచని గుడ్డ కప్పి, వైద్యునియొద్దకు తీసికొనిపోతిమి. దైవకృపవలన పైచర్మము మాత్రమే కమలినది. పది దినములలో మానినది. కాని అవ్వ చెప్పిన దినముననే నేను గునపము పట్టించి యుండిన యెడల ఆ పిల్ల యేడ్చి యుండదు గదా యను మాట నన్ను నేటికిని విడువలేదు.

ఇచ్చట ఒక్కమాట. కాలిన చోట సిరాయో, పేడయో, పసుపో, నూనెయో పూయుట మన పల్లెలలో నింకను కలదు. అది తగదు. చల్లని శుభ్రమైన నీరే మొదటి మందు. మంచుగడ్డయు పెట్టరాదు. బొబ్బ లెక్కినను, పిల్లలకు కాలినను వైద్యునికి చూపవలెను. నీరు 60 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో నున్నచో పెద్దవారి చర్మమునకే కొద్ది సెకనులలో గట్టిగ కాలును. పిల్లల లేతచర్మమునకు అంతకాలమైనను పట్టదు.

పని యారంభించి త్రవ్వించితిమి. అడుగున్నర లోతున గొట్టము వంపు తిరుగు చోట ఒక అతుకు; ప్లంబర్లు దానినే జాయింటు అందురు. బాయిలరునుండి వచ్చు రాగిగొట్టమును, స్నానాల గదికి పోవు జి.ఐ. గొట్టమును అచ్చట నేరుగా కలిపినారు. వేడి నిలుచుటకని దానిచుట్టు గోనెపట్టాలు చుట్టినారు. ఆ పట్టాలు వానకు తడిసి, మరల ఆరక, క్రుళ్లి, ఇనుమును తినివేసినవి. చుట్టును ఇటుకముక్కలు, సున్నపు పెళ్లలు వేసి పూడ్చినారు. అతుకునుండి సన్నని ధారగా నీరు కారుచున్నది. క్రింద గిన్నె పెట్టి గడియారము చూచితిని. నాలుగు నిమిషములకు ఒక లీటరు.

ఆ రాత్రి నేను లెక్క వేసితిని. బాయిలరు కాగు మూడు గంటలలో 45 లీటర్ల వేడినీరు మన్నుపాలగుచున్నది. ఎండుకట్టె కిలో ఒకటి మండినచో సుమారు 3,600 కిలోక్యాలరీల వేడి నిచ్చును. మన పొయ్యిలలో అందు నాల్గవ వంతు నీటికి పట్టిన యెడల గొప్పయే. ఆ 900 కిలోక్యాలరీలతో 20 లీటర్ల నీరు 25 డిగ్రీలనుండి 70 డిగ్రీలకు కాగును. అనగా దినమునకు రెండుంబావు కిలోల కట్టె, నెలకు అరువదియేడు కిలోల పైన. ఒక మోపు ఇరువదియైదు కిలోలనుకొన్నచో, ఆ అవ్వ అడవినుండి నెత్తిన మోసికొని వచ్చిన మోపులలో రెండున్నరకు పైగా మేము ప్రతినెల మన్నులో పోయుచుంటిమి. మేము డబ్బిచ్చితిమి, నిజమే. కాని ఆమె మెడయెముకలకు మేమిచ్చిన డబ్బు విరుగుడు కాదు.

ఇక అతుకు లేల చెడునో తెలిసికొందము. గొట్టము నడుమ భాగము సాధారణముగ చెడదు, చెడునది అతుకే. అందులకు నాలుగు కారణములు గలవు.

మొదటిది, వేడికి సాగుట. వేడెక్కిన లోహము పొడుగగును, చల్లారినచో కుంచించును. పది మీటర్ల ఇనుపగొట్టము 50 డిగ్రీలు వేడెక్కినచో సుమారు 6 మిల్లీమీటర్లు సాగును. నేడు విరివిగ వేయు సి.పి.వి.సి. గొట్టము అంతే వేడికి 3 సెంటీమీటర్లకు పైగా సాగును. ప్రతి వేకువను సాగి, ప్రతి మధ్యాహ్నము కుంచించు గొట్టమును మన్నుతో బిగించి కప్పినచో, ఆ లాగుడంతయు అతుకులపై పడును. తలుపు బందు వదులగుటయు నిట్లే గదా.

రెండవది, రెండు లోహముల వైరము. రాగియు, జస్తా పూసిన ఇనుమును తడిలో తాకుచుండిన యెడల ఇనుపవైపు త్వరగా తరిగిపోవును. అది విద్యుత్తునకు సంబంధించిన రసాయనక్రియ. రాగిగుండ వచ్చిన నీరు ఇనుపగొట్టమున ప్రవహించుటయు దానికి చేటే. పైగా 60 డిగ్రీలకు మించిన వేడినీటిలో జస్తా తన రక్షణగుణమును కోల్పోవచ్చును. కావున రాగిబాయిలరునకు జి.ఐ. గొట్టము తగిన జోడు కాదు. రాగికి రాగియో, వేడినీటికై చేసిన సి.పి.వి.సి.యో వేయుట మేలు. తప్పనిసరియైనచో నడుమ ఇత్తడి యూనియనో, లోహములు తాకకుండ రబ్బరుపొర గల యూనియనో వేసి, దానిని కంటికి కనబడు చోట నుంచవలెను.

మూడవది, నేల కదలుట. మన నేల నిశ్చలమని యనుకొందుము. నల్లరేగడి వానకు ఉబ్బును, ఎండకు నెఱియలు విచ్చును. ఏటి కొకసారి ఉబ్బి, ఒకసారి క్రుంగు ఆ మన్నులో గట్టిగ పూడ్చిన గొట్టము విరుగకుండుట ఆశ్చర్యము. వేప, మామిడి మున్నగు చెట్ల వేళ్లు తడిని వెదకికొనుచు వచ్చి అతుకులను నొక్కుటయు కలదు.

నాల్గవది, నీరు. పొడి యిసుకకంటె తడి యిసుక వేడిని అనేక రెట్లు లాగివేయును. గాలికంటె నీరు ఇరువది రెట్లకు పైగా వేడిని మోసికొనిపోవును. వేడి నిలుపుటకై చుట్టిన దూది, గోనె, కంబళి యేదైనను, దానిలోని గాలి వలననే పని చేయును. తడిసి గాలిస్థానమున నీరు చేరిన మరుక్షణమున అది వేడిని కాపాడుట మాని, దొంగిలింప మొదలిడును. మేము చుట్టించిన గోనెపట్టాలు చేసినది అదియే.

ఈ నాల్గవ కారణము భద్రాచలమువారికి మిక్కిలి ముఖ్యము. గోదావరి నీటిమట్టము 43 అడుగులు చేరినచో మొదటి ప్రమాద హెచ్చరిక, 48 అడుగులకు రెండవది, 53 అడుగులకు మూడవది యిచ్చట ప్రకటింతురు. 1986 ఆగష్టు మాసమున నది 75.6 అడుగులకు, 2022 జూలై మాసమున 71.3 అడుగులకు పొంగినది. కరకట్ట వరదను ఆపినను, భూమిలోపలి ఊట పైకి ఎక్కుటను పూర్తిగ ఆపజాలదు. కావున ఇచ్చట మన్నుక్రింద నున్న ప్రతి అతుకును ఏదో యొక యేట నీటిలో మునుగునని తలచియే పని చేయించవలెను.

వేడినీటిని మన్నుక్రింద నడిపించుట ఈనాటి విద్య గాదు. ఫ్రాన్సు దేశమున షోద్‌జెగ్ అను చిన్న పట్టణమున 82 డిగ్రీల వేడితో ఉబుకు ఊటను 14వ శతాబ్దమునుండియే గొట్టములగుండ ఇండ్లకు తెచ్చుకొనుచుండిరి. 1877లో అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రమున లాక్‌పోర్టు అను ఊర బర్డ్‌సిల్ హాలీ యను ఇంజనీరు ఒకే బాయిలరు ఆవిరిని వీథులక్రింద గొట్టములలో నడిపి అనేక గృహములకు పంచెను. గొట్టములు సాగుటకు చోటియ్యనిదే అతుకులు నిలువవని ఆయన మొదటనే గ్రహించెను.

అన్నింటికంటె నా మనస్సునకు హత్తుకొన్నది ఐస్‌లాండు దేశపు కథ. దాని రాజధాని రేక్యవిక్ నగరమునకు సుమారు 3 కిలోమీటర్ల దూరమున వేడినీటి ఊటలు గలవు. అచ్చటి స్త్రీలు తరతరములుగ మైలబట్టల మూటలను మోసికొని, మంచులో, గాలిలో, ఆ ఊటలకు నడచిపోయి ఉతుకుకొని, తడిబట్టల బరువుతో తిరిగి వచ్చుచుండిరి. ఆ బాటకు "ఊటల దారి" యను అర్థము గల లౌగావెగుర్ అను పేరు నేటికిని నగరపు ముఖ్యవీథికి నిలిచియున్నది. 1930లో ఆ ఊటల వేడినీటిని గొట్టమున నగరమునకు తెచ్చి, మొదట ఒక పాఠశాలకును, పిదప ఆసుపత్రికిని, ఈతకొలనుకును, కొన్ని పదుల ఇండ్లకును ఇచ్చిరి. స్త్రీలు నీటియొద్దకు పోవుట మాని, నీరే స్త్రీలయొద్దకు వచ్చినది. నేడు ఆ నగరపు ఇండ్లు దాదాపు అన్నియు భూగర్భజలపు వేడితోనే చలి కాచుకొనుచున్నవి. అచ్చట నెస్యవెట్లిర్ అను తావునుండి 1990లో ప్రారంభించిన గొట్టము 27 కిలోమీటర్ల దూరము నడచియు నీటివేడిలో కోలుపోవునది సుమారు 2 డిగ్రీలు మాత్రమే. మా నలువది అడుగుల గొట్టము అంతకు ఎన్నో రెట్లు కోలుపోయినది! తేడా దేశములో లేదు. తొడుగులోను, అతుకులోను ఉన్నది.

చలిదేశములలో నేడు వేయు గొట్టములు మూడు పొరలు గలవి: లోపల నీటిగొట్టము, దానిచుట్టు గట్టి నురుగు, పైన నీరు చొరని ప్లాస్టికు తొడుగు. ఈ మూడును కర్మాగారముననే యొక్కటిగ తయారగును. పనిస్థలమున చేయవలసినది అతుకులే గావున, లోపముగూడ అచ్చటనే వచ్చునని వారెరుగుదురు. అందుచేత ప్రతి అతుకుపై వేడికి ముడుచుకొని బిగియు తొడుగు వేసి, లోపల నురుగు నింపుదురు. కొన్నింటిలో నురుగునడుమ సన్నని తీగలు వేసి, తడి తగిలిన తావును పరికరముతో కనిపెట్టుదురు. అమెరికా ఉత్తరభాగమునను, కెనడాలోను పల్లెటి యిండ్లకు వెలుపల కట్టెల బాయిలరు నుంచి, మన్నుక్రింద జోడుగొట్టములతో ఇంటికి వేడి తెచ్చుకొను పద్ధతి గలదు. అచ్చట నేల గడ్డకట్టు లోతునకు క్రిందుగ గొట్టము వేయవలెను. మనకు ఆ బాధ లేదు. మన శత్రువు మంచు గాదు, తడి.

మన ప్రాంతమునకు భూమాత వేడినీటిని ఇయ్యకపోలేదు. భద్రాచలమునకు సమీపమున గోదావరి యొడ్డున గుండాల గ్రామమున ఇసుకలో గుంట త్రవ్వినచో వేడినీరు ఊరును. దానిని ఉష్ణగుండ మందురు. మణుగూరు చెంత పగిడేరున బొగ్గునకై త్రవ్విన బోరునుండి వేడినీరు తనంత పైకి వచ్చుట చూచి, సింగరేణి సంస్థ దానితో 20 కిలోవాట్ల ప్రయోగ విద్యుత్కేంద్రమును నెలకొల్పినది. కాని మన యిండ్లలో నీరు కాగునది నేటికిని కట్టెలతోనో, విద్యుత్తుతోనో, మిద్దెమీది సూర్యతాపపు పలకలతోనో. దేనితో కాగినను, వెలుపలినుండి యింటిలోనికి వచ్చు గొట్టము విషయమున ఈ క్రింది జాగ్రత్తలు సమానమే.

మొదట, వీలైనచో అతుకే లేకుండ చూడుడు. మన్నుక్రింది భాగమంతయు ఒకే గొట్టముగ, అతుకు లేకుండ పోవునట్లు కొలిచి కొనవలెను. వంపులు తగ్గింపవలెను. తప్పనిసరి యైన అతుకును మన్నులో పూడ్చక, ఇటుకతో కట్టిన చిన్న గూడులో నుంచవలెను. దీనిని మేస్త్రీలు ఛాంబరు అందురు. అడుగున్నర చదరము చాలును. అడుగున గచ్చు చేయక కంకర పోసినచో నీరు నిలువదు. గోడలు నేలకంటె నాలుగంగుళములు ఎత్తుగ నుండి, పైన పిల్లలు ఎత్తలేని రాతిమూత యుండవలెను. గొట్టము గోడను దూరు చోట సిమెంటుతో బిగింపక, కదలుటకు సందు విడిచి మెత్తని పదార్థముతో నింపవలెను.

రెండవది, గొట్టమునకు తగిన పరుపు. కందకము అడుగున నాలుగంగుళముల మెత్తని యిసుక పోసి, గొట్టము నుంచి, పైనను అంతే యిసుక కప్పి, తరువాతనే మన్ను వేయవలెను. ఇటుకముక్కలు, రాళ్లు, సున్నపు పెళ్లలు తగులరాదు. మనుష్యులు నడచు పెరటిలో అడుగున్నర లోతు చాలును. బండ్లు తిరుగు చోట రెండున్నర అడుగులు కావలెను.

మూడవది, తొడుగు. వేడినీటిగొట్టమునకు నీరు పీల్చని నురుగు రబ్బరు తొడుగును తొడిగి, దాని సందులను అంటించి, ఆ రెంటిని మూడు నాలుగు అంగుళముల వెడల్పుగల మరియొక ప్లాస్టికు గొట్టములో దూర్చి పరచుట మిక్కిలి మేలైన పద్ధతి. లోపలి గొట్టము తన యిష్టము వచ్చినట్లు సాగును, కుంచించును. చెడినచో పెరడంతయు త్రవ్వకయే లాగివేయవచ్చును. పైగొట్టపు కొనలు రెండును గూడులలో తెరచుకొనునట్లు, ఒకవైపునకు కొంచెము వాలు గలట్లు చూచినచో, లోపల తడి చేరినను బయటికి కారి కనబడును. గోనె, గడ్డి, పాతగుడ్డలు మన్నుక్రింద ఎన్నడును చుట్టరాదు.

నాల్గవది, గొట్టపు లావు. లావైన గొట్టము గొప్పయని యనుకొందుము. యాబది అడుగుల అరంగుళపు గొట్టములో నిలుచు నీరు సుమారు 3 లీటర్లు. అంగుళపు గొట్టములో సుమారు 8 లీటర్లు. ప్రతి స్నానమునకు పిదప ఆ నీరు చల్లారి వ్యర్థమగును. కావున అవసరమునకు మించిన లావు వలదు.

ఐదవది, పూడ్చుటకు ముందు పరీక్ష. పని ముగిసిన సాయంకాలమే "కప్పివేయుమందురా అమ్మగారూ" అని పనివారడుగుదురు. ఆ మాటకు తల యూపకుడు. గొట్టము నింపి, కొళాయిలు బిగించి, రాత్రియంతయు నుంచుడు. మరునాడు బాయిలరు కాచి వేడినీరు నడిపి, చల్లారనిచ్చి, మరల కాచి, ప్రతి అతుకు చుట్టును పొడి కాగితముతో తుడిచి చూడుడు. చన్నీటికి నిలిచిన అతుకు వేడినీటికి నిలువకపోవచ్చును. మరలు గల అతుకులకు టెఫ్లాన్ టేపుగాని, తగిన లేపనముతో జనుపనారగాని చుట్టవలెను. పూర్వము వాడిన సీసపు రంగు నీటిగొట్టములకు తగదు, సీసము విషము.

ఆరవది, పటము. ఒక కాగితముపై పెరటి పటము గీచి, గొట్టము ఏ గోడనుండి ఎన్ని అడుగుల దూరమున పోవుచున్నదో, అతుకు లెచ్చట నున్నవో వ్రాసి, పంచాంగము దాచు చోట దాచుడు. మా యింట అట్టి కాగిత మొకటి యున్నచో, తులసికోటను సరిగా అతుకు ప్రక్కనే కట్టించి యుండము.

బాయిలరును గూర్చి ఒక హెచ్చరిక. ఆవిరి పోవుటకై విడిచిన గొట్టమును నీరు చిమ్ముచున్నదని బిరడాతో మూయుట ప్రాణాపాయము. మూసిన పాత్రలో ఆవిరి బలిసినచో అది బాంబువలె ప్రేలును. మన్నుక్రింది గొట్టమునకు చేయు ఏ మరమ్మతుగాని ఆ దారిని అడ్డగింపరాదు.

ఇక సంవత్సరమునకు మూడుమార్లు చూచుకొనవలసిన పని. మృగశిర కార్తెకు ముందు గూడుల మూతలు తీసి, మన్ను, ఆకులు తొలగించి, అతుకులు తుడిచి చూడవలెను. వరద హెచ్చరిక వచ్చినచో బాయిలరు ఆర్పి, వాల్వులు బిగింపవలెను. గూడులు మునిగియుండగా నిప్పు వేయరాదు. వరద తీసిన పిదప ఒండ్రును ఎత్తివేసి, తడిసిన తొడుగులను మార్చి, గొట్టములలో నీరు ధారాళముగ విడిచి, త్రాగునీటి తొట్టిని బ్లీచింగు పౌడరుతో శుద్ధిచేసి వాడుకొనవలెను. ధనుర్మాసమునకు ముందు మూడవసారి.

మధ్యకాలమున చెడుపును కనిపెట్టుట యెట్లు? రాత్రి పడుకొనునపుడు కొళాయిలన్నియు కట్టి, తొట్టిలో నీటిమట్టమునకు బొగ్గుతో గీత గీయుడు. ఉదయమునకు నీరు గీతకు దిగినచో ఎచ్చటనో కారుచున్నది. కట్టెలు అంతే యైనను నీరు గోరువెచ్చగ వచ్చుట, ఒక తావున గడ్డి అకారణముగ పెరుగుటయో మాడుటయో, నేల మెత్తబడుట, గోడమొదట చెమ్మ, చలికాలపు వేకువను కుక్కగాని పిల్లిగాని కోడిగాని ఒకే చోటు వెదకికొని పండుకొనుట, ఇవి యన్నియు నేల చెప్పు మాటలు.

మా గొట్టమును ఈ పద్ధతిని మరల వేయించితిమి. తులసికోటను నాలుగడుగులు జరిపితిమి. క్రొత్తమన్నులో మొక్క నెలలోపల చిగిర్చినది. అత్తగారి శంక తీరినది. మునుపు రెండు మోపులు పట్టిన నీటికి ఒకటిన్నర చాలుచున్నది. పాప మరుసటి యేడు వచ్చి, ఆ తావున అడుగు పెట్టక చుట్టు తిరిగి పోయినది. దానిని చూచి మేమెవ్వరమును నవ్వలేదు.

కట్టెల అవ్వ తరువాత వచ్చినపుడు క్రొత్త రాతిమూతను తట్టి చూచి, "ఇప్పుడు కుక్క ఏడ పండుకుంటాదమ్మా?" అని అడిగెను. పాకలో పొయ్యిప్రక్కన గోనె పరచితినని చెప్పితిని. ఆమెకు ఒక గ్లాసు వేడి కాఫీ యిచ్చి, అరుగుమీద కూర్చుండబెట్టి, ఈ పెరటిలో ఇంకేమి కనబడుచున్నదో చెప్పుమని అడిగితిని. ఈసారి నవ్వక వింటిని.